ఒక్క ఉతుకు పడ్డాక

మెడలో టేపు తియ్యడం మర్చిపోయి చర్చికి వచ్చేసే దర్జీ పెద్దాయన ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చుంటాడు. ఉజ్జీవ కూటాల్లో జనం ఏడ్చినా, మోకాళ్ల మీద పడ్డా, చేతులు కట్టుకుని చూస్తాడే తప్ప నోరు మెదపడు. ఎవరు కుట్టిందైనా సరే, తిరగేసి రెండు వేళ్లతో లాగి చూడందే నమ్మని మనిషి. "ఇది నిజంగా దేవుడి పనేనంటారా?" అని పాస్టరు గారు అడిగితే, "కుట్టు సంగతి ఒక్క ఉతుకు పడ్డాకే తెలుస్తుందండీ, చూద్దాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, ఏళ్ల తరబడి మాటల్లేని, రాత్రి కూటంలో మోకాళ్ల మీద పడి ఏడ్చిన తమ్ముడు కుట్టుమిషను భుజాన మోసుకుంటూ కొట్టు మెట్లెక్కాడు. "అన్నయ్యా, అమ్మ దీన్ని నాకే ఇచ్చిందని అబద్ధమాడి పట్టుకుపోయాను. నన్ను క్షమించు." పెద్దాయన పెదాల మధ్య గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి దూది దిండుకు గుచ్చాడు. చివరిది గుచ్చాక, స్టూలు తమ్ముడి వైపు జరిపాడు.

ఆదివారం పాస్టరు గారు మళ్లీ కదిపారు. "ఏం తేలింది, పెద్దాయనా?"

"మా తమ్ముడిది నిజమేనండీ," అన్నాడాయన, టేపు చివర వేలికి చుట్టుకుంటూ. "వాడు అడగాల్సింది అడిగేశాడు. నేనే ఇంకా జవాబు చెప్పలేదు. ఇక నాది తేలాలి."