లుకూసా బాబాయ్ నాలుగు ముక్కలు

లుకూసా బాబాయ్ చేతికి మైకు ఇవ్వడం తేలిక, తిరిగి తీసుకోవడమే కష్టం. బ్రస్సెల్స్‌లోని మతోంగే పేటలో, ఆఫ్రికావాళ్లూ ఆఫ్రికా విడిచి వచ్చినవాళ్లూ తీసిన షార్ట్ ఫిల్ములను ఆయన నెలనెలా వేయిస్తారు. సినిమా ఏడు నిమిషాలుంటే, దాని ముందు బాబాయ్ ముప్పావుగంట ఉంటారు. "నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతాను" అంటారు. ఆ నాలుగు ముక్కల్లో కాంగో నది పుట్టుక మొదలు వెనక వరసలో కునికే పెద్దాయన మనవడి బాప్తిజం దాకా అన్నీ వస్తాయి. పెద్దవాడు మాట్లాడుతుంటే లేచిపోయేంత పొగరు మతోంగేలో ఎవరికీ లేదు కాబట్టి అందరూ కట్టేసినట్టు కూర్చుంటారు.

ఆ శుక్రవారం మాత్రం ఓర్నెలాకి ప్రాణం మీదికొచ్చింది. ఆ రోజు వేసేది ఆఫీసులు తుడిచే ఆడవాళ్ల మీద ఆమె తీసిన మొదటి సినిమా. అందులో తల్లి కూడా ఉంది. కానీ "నాకు షిఫ్టుంది, తర్వాత ఫోనులో చూస్తాలే" అని తల్లి తేల్చేసింది. గెంట్ నగరంలో జరిగే పెద్ద ప్రదర్శనకి సినిమాలు ఎంచే ఎల్స్ అనే ఆవిడ ముందు వరసలో కూర్చుంది. ఆవిడ రైలు తొమ్మిదింటికి. ఆవిడ చూడకుండా వెళ్లిపోతే ఈ సినిమా ఈ హాలు గుమ్మం దాటదు.

ఎల్స్ కోటు అందుకుని లేచింది.

"అదిగో, గెంట్ నుంచి మనకోసం వచ్చిన ఆడపడుచు, మిమ్మల్ని పలకరించడానికి లేచారు" అన్నారు బాబాయ్ మైకులో.

హాలంతా చప్పట్లు. ఎల్స్ ఎర్రబడ్డ మొహంతో కూర్చుంది. కాసేపటికి మళ్లీ లేచింది. మళ్లీ చప్పట్లు. మళ్లీ కూర్చుంది.

ఓర్నెలా వేదిక పక్కకి పరుగెత్తింది.

"బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, దిగు."

"ఇంకొక్క ముక్క, తల్లీ."

"నీ ముక్కలతో నా సినిమాని చంపేస్తున్నావు."

"రెండు మికాతే బూరెలు తిను. ఇప్పుడే నూనెలోంచి తీశారు" అన్నారాయన. కళ్లు మాత్రం కిటికీ బయట బస్‌స్టాప్ మీదున్నాయి.

ఇంతలో బస్సు ఆగింది. యూనిఫాంల మీద కోట్లు వేసుకున్న ఆడవాళ్లు ఫినాయిల్ వాసనతో, ఒకరినొకరు తోసుకుంటూ లోపలికొచ్చారు. సినిమాలో ఉన్నవాళ్లే. బాబాయ్ వాక్యాన్ని నది మధ్యలో వదిలేసి దిగారు.

"షిఫ్టు దిగి వీళ్లొచ్చేదాకా జనాన్ని ఆపాలి కదా. ఊరికే ఆగండంటే ఎవరాగుతారు? ప్రసంగమైతే మర్యాదకైనా కూర్చుంటారు." ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయింది. "మీ అమ్మ రెండో బస్సులో వస్తోంది. నీకు చెప్పొద్దంది. ఇక నావల్ల కాదు తల్లీ."

ఓర్నెలా గడియారం చూసింది. ఇప్పుడు వేస్తే ఎల్స్ చూస్తుంది, అమ్మ చూడదు. ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా వెళ్లి మైకు పట్టుకుంది.

"సభకు నమస్కారం. ముందుగా మా తాతగారి ఊరి గురించి..."

హాలు మూలిగింది. ముందు వరసలోంచి అంతా విన్న ఎల్స్ మళ్లీ లేచింది. కోటుని కుర్చీకి తగిలించి, "పదింటికి ఇంకో రైలుందిలే" అంటూ మికాతేల పళ్లెం వైపు నడిచింది.

ఓర్నెలా తాతగారి మేకల దాకా వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. తల్లి చేతులు కోటుకి తుడుచుకుంటూ లోపలికొచ్చి, వేదిక మీద మైకు పట్టుకున్న కూతుర్ని చూసింది.

"అయ్యో, దీనికీ అంటించావా?" అంది లుకూసా బాబాయ్ పక్కన కూలబడుతూ.