నల్లగొర్రె పండుకున్న ఇల్లు

ఐలేశానికి ఇల్లు కొనాలన్న ఆశ ఎన్నడూ లేదు. నెత్తి మీద గొంగడి ఉంటే చాలు, కప్పుతో పనేముంది అనుకునే వంశం అతనిది. ఏటా వానలు తగ్గగానే మందను తోలుకొని కృష్ణ ఒడ్డుదాకా పోవడం, దారిలో రైతులు పిలిస్తే ఎరువు కోసం వాళ్ళ చేలల్లో మందను పండబెట్టడం, తొలకరికి పాలమూరు వైపు మళ్ళడం. పెళ్ళైన నాటి నుంచి భార్య బీరమ్మ కూడా అతని వెనకే నడిచింది. పిల్లలు లేరు కనుక ఆపేవాళ్ళూ లేరు.

ఆ తిరుగుళ్ళలోనే ఆమెకు దమ్ము పట్టుకుంది. మంచు తగిలితే చాలు, రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యేవి. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు ఒకే మాట చెప్పాడు: "చెమ్మ తగలనీయకు. పొడిగా ఉన్న ఇంట్లో ఉంచితే బతుకుతది." ఊళ్ళో ఉన్న గుడిసె ఏనాడో కూలిపోయింది. ఐలేశం ఆ దినమే నిర్ణయించుకున్నాడు. బీరమ్మను బతికించుకోవాలి, దానికో ఇల్లు కావాలి.

అప్పట్లో జడ్చర్ల బాగా బలిసిన ఊరు. పల్లీల మిల్లులు, రైలు, పట్నానికి బస్సులు. నిన్నటిదాకా గుడ్డలు మూటగట్టి అమ్మినవాడు కూడా మేడ కట్టి, కింద నిలబడ్డవాణ్ణి పురుగును చూసినట్టు చూసే ఊరు. గొంగడి వేసుకున్న మనిషిని కూర్చోమనే అలవాటు అక్కడ ఎవరికీ లేదు. రామచంద్రయ్య అనే సావుకారు పట్నంలో కాపురం పెడుతూ వెనక వీధిలోని పాత ఇల్లు అమ్మకానికి పెట్టాడు. రాతి గోడలు, షాబాద్ బండలు, ముందు వెడల్పాటి అరుగు. మంద మొత్తం పోతే తప్ప ఆ ఇల్లు రాదు. ఐలేశం సరేనన్నాడు, కానీ ముందు తన పద్ధతిలో చూసుకుంటానన్నాడు.

వాళ్ళ ఇంట్లో తాతల నాటి రివాజు ఒకటుంది. కొత్త చేనులో మందను దించేముందు పెద్దగొర్రెను ఒక్కదాన్నే వదులుతారు. అది వాసన చూసి, అటూ ఇటూ తిరిగి పండుకుంటే మిగతా మంద దిగుతుంది. నిలబడే ఉంటే ఆ జాగా వదిలేసి వెళ్ళిపోవలసిందే. ఆ గొర్రె మాట ఐలేశం ఎన్నడూ జవదాటలేదు, అది ఎన్నడూ మోసం చేయలేదు.

నడి ఎండాకాలం. మందలో పెద్దదైన నల్లగొర్రెను తాడుకట్టి తెచ్చి నట్టింట్లో వదిలాడు. వీధంతా గుమ్మం దగ్గర చేరి నవ్వింది. గొర్రె బండలను మూచూసింది, ఒక చుట్టు తిరిగింది, ముందుకాళ్ళు మడిచి హాయిగా పండుకొని నెమరు మొదలుపెట్టింది.

"ఇగ సూసేది లేదు," అన్నాడు ఐలేశం. మొహం వెలిగిపోతోంది.

బీరమ్మ గోడ అడుగున వేలు పెట్టింది. "గీడ సున్నం పొక్కింది సూడు. ఎందుకో గిట్ల?"

"పాత గోడలకు పొక్కదా అమ్మా," అన్నాడు రామచంద్రయ్య.

"నోరు మూసుకోవే," అని కసిరాడు ఐలేశం. "గొర్రె కంటె నీకెక్కువ ఎరుకనా?"

ఆమె వేలికంటిన సున్నం కొంగుకు తుడుచుకుంది. ఆ మాట తర్వాత అతన్ని ఎంతగా తినేసిందో చెప్పలేం.

నల్లగొర్రె ఒక్కదాన్నీ ఉంచుకొని, మిగతా మందంతా అమ్మి ఐలేశం ఆ ఇల్లు కొన్నాడు. వైశాఖం, జ్యేష్ఠం బాగానే గడిచాయి. బీరమ్మ దగ్గు తగ్గింది. రెండు పూటలా అరుగు అలికి ముగ్గు వేసేది. తర్వాత గట్టి వానలు పడ్డాయి. ఒక పొద్దున లేచేసరికి ఆమె బొంత తడిసి ఉంది. ఐలేశం పైకెక్కి కప్పు అంతా తడిమి చూశాడు. ఎక్కడా చుక్క లేదు. నీళ్ళు పై నుంచి కాదు, బండల సందుల్లోంచి ఊరుతున్నాయి.

ఎదురింటి శ్యామలమ్మ వచ్చి చూసింది. "పాతబాయి పూడ్చి కట్టిండ్రు గదా గీ ఇల్లు. ఏటా గింతే. మీకు చెప్పలేదా?"

"నువ్వన్న చెప్పకపోతివి అక్కా!" అంది బీరమ్మ.

"మీరు గొర్రెను అడిగిండ్రు గని మమ్ములను అడిగిండ్రా చెల్లె? సావుకారితోని మాకెందుకు లొల్లి?"

ఐలేశం పరుగున పోయి నల్లగొర్రెను లాక్కొచ్చాడు. అది గడప దగ్గరే నాలుగు కాళ్ళూ పాతి నిలబడింది. ఎంత గుంజినా లోపలికి రాలేదు. అప్పుడు వెలిగింది అతనికి. ఎండలో మాడిన జీవం చల్లగా ఉన్నచోట పండుకోక ఏం చేస్తుంది? చేను దగ్గర ఆ పరీక్ష ఒక్క రాత్రికే. తెల్లారితే ఇంకో చేను. తను దాన్ని ఒక్క రాత్రికని కాదు, బీరమ్మ బతుకంతటికీ అడిగాడు. గడప మీద కూలబడి గొర్రె మెడ పట్టుకొని ఏడ్చాడు.

పట్నం పోయి రామచంద్రయ్యను పట్టుకున్నాడు. సావుకారు నవ్వనైనా నవ్వలేదు. "నేను తీసుకో అన్ననా ఐలేశం? నీ గొర్రె ఒప్పుకున్నది, నువ్వు ఒప్పుకున్నవ్," అని లోపలికి వెళ్ళిపోయాడు.

మరొక ఇల్లు కొనడానికి మంద లేదు. ఈ ఇల్లు కొనేవాడు ఊళ్ళో లేడు. ఊరివాళ్ళ మేకలు కాసుకుంటూ రెండు వానాకాలాలు ఎలాగో ఈడ్చారు. మూడో దాంట్లో బీరమ్మ ఊపిరి అందక గోడకు ఆనుకొనే కూర్చునేది. గోడా తడే.

"నన్ను బయట పండబెట్టు," అంది ఒక సాయంత్రం. "చేన్ల నయముండె. గాలన్న ఆడుతుండె."

ఆమె బతకాలని కొన్న ఇల్లు. ఆ ఇంట్లోంచి ఆమెను ఎత్తుకొచ్చి అరుగు మీద పండబెట్టి గొంగడి కప్పాడు. నా మాట వినకపోతివి అని ఆమె ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే బాగుండునని అతను చచ్చేదాకా అనుకున్నాడు. తెల్లారేసరికి బీరమ్మ లేదు.

మరుసటి ఎండాకాలం కేతేపల్లి నుంచి పెద్దులు అనే కుర్రవాడు వచ్చాడు. మిల్లులో కొత్తగా పని దొరికింది, ఇల్లు వెతుకుతున్నాడు. వెంట భార్య అండాలు, నెలలు నిండిన మనిషి. ఆ ఇల్లు అమ్ముడుపోతే ఐలేశానికి మళ్ళీ చిన్న మంద వస్తుంది. ఈ ఊరి మొహం చూడకుండా కృష్ణ ఒడ్డుకు పోవచ్చు. శ్యామలమ్మ ఎదురరుగు మీద కూర్చొని అంతా చూస్తోంది. ఈసారీ దిగి రాలేదు.

అండాలు మెల్లగా నట్టింట్లో కూర్చొని బండ మీద అరచెయ్యి పెట్టింది. "ఎంత సల్లగున్నది! గీడనే ఉందాం," అంది మొగుడితో. ఆమె కూర్చున్నది సరిగ్గా నల్లగొర్రె పండుకున్న చోటే.

ఐలేశం చాలాసేపు ఆ చేతినే చూశాడు.

"వానకాలంల వచ్చి సూడు బిడ్డా," అన్నాడు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. ఇల్లు అమ్ముడుపోలేదు. ఐలేశం బతికినన్నాళ్ళు, ఎంత వాన కొట్టినా గొంగడి కప్పుకొని ఆ అరుగు మీదే పండుకున్నాడు. లోపలికి పోలేదు.