నుదుటి నుంచి దిగిన పుడక

తెల్లదొరల కాలం మాట. నందికొట్కూరులో మా మేనత్త మల్లక్క పాట లేకుండా ఏ పెండ్లికూతురికీ నలుగు పెట్టేవాళ్ళు కాదు. అలాంటి మనిషి, కొట్టంలో ఎద్దు కొమ్ము తగిలి ముక్కు ఒక పక్క తెగిపోయిన నాటి నుంచి ముఖం మీది కొంగు తీయలేదు. బంగారు పుడక పెట్టెలో పడింది. జనానికేం, ఒకరి ముఖం చెడితే వాళ్ళకు తిరునాళ్ళే.

ఇంతలో నా పెండ్లి కుదిరింది.

"నేను రాను పాపా. అందురూ నా ముక్కే చూస్తారు" అంది అత్త.

నువ్వు పాడకపోతే నేను పీటల మీద కూర్చోనని మొండికేశాను. కర్నూల్లో తెగిన ముక్కు కొత్తగా కుడతారని విని, ఆమె మొగుడు కాశన్న మామ బండి కట్టి మమ్మల్నిద్దరినీ కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాడు.

నర్సు రాహేలమ్మ ఏదీ దాచలేదు. "నుదుటి చర్మం కోసి, కిందికి తిప్పి ముక్కుగా కుడతారమ్మా. మత్తులో తెలీదు, లేచినాక నొప్పి శానా ఉంటాది. ముఖం గుమ్మడికాయ మాదిరి వాస్తాది. ముక్కులో గొట్టాలుంటాయి, నోటితోనే గాలి పీల్చాల. కొత్త ముక్కు బతికిందాకా కనుబొమల నడుమ చర్మం వేలాడతానే ఉంటాది, ఆమీట కోసేస్తారు. నుదుటి మీద మచ్చ మాత్రం పోదు."

డాక్టరు కాగితాన్ని ముక్కు ఆకారంలో కత్తిరించి అత్త నుదుటి మీద ఆనించి చూశాడు. "ఈ పచ్చబొట్టు చుక్క ముక్కు మీదికి దిగుతుందే" అన్నాడు. మామ ముఖం మాడిపోయింది.

అత్త అద్దం అడిగి తీసుకుంది. చాలాసేపు చూసి, కాగితాన్ని తనే కాస్త పక్కకు జరిపింది. "దిగనీ సామీ. దిగేదేదో పుడక తావుకే దిగేటట్టు చూడు."

డాక్టరు పడీపడీ నవ్వాడు. సరేనన్నాడు.

రాహేలమ్మ చెప్పినవన్నీ అయ్యాయి. ముక్కు నల్లబడుతుందేమోనని నేను మొక్కని దేవుడు లేడు. అది బతికింది. ఒకరోజు ఆ ముక్కు మీద ఈగ వాలితే అత్త నుదురు గోక్కుంది.

"ఈగ ఈడుంటే దురద ఆడుండాదేమే?" అన్నాడు మామ. వార్డంతా నవ్వింది. కొన్నాళ్ళు అంతేనంది రాహేలమ్మ.

నా నలుగునాడు అత్త కొంగు భుజం మీదే ఉంది. ముక్కు కొంచెం లావే, అయితేనేం. పాట ఎత్తుకుంటే వీధి చివర వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

"పుడక బాగుండాది వదినా, యాడ చేయించినావు?" అని అడిగింది మగపెండ్లివారి మహాదేవమ్మ.

"కర్నూల్లో" అంది అత్త, ముఖం ఇంకాస్త వెలుతురుకు తిప్పి.

తర్వాత కొంగుముడి విప్పి తన పాత బంగారు పుడకను నా చేతిలో పెట్టింది. "నాకింక దీంతో పని లేదు పాపా. నువ్వు పెట్టుకో."

నేను పెండ్లిపీటల మీద కూర్చున్నది ఆ పుడకతోనే.