అంకుల్‌గారి తెల్ల డ్రైవ్‌వే

విదేశంలో యూనివర్సిటీలో చదివేటప్పుడు రోడ్డు పనుల దగ్గర స్టాప్-స్లో బోర్డు పట్టుకునేవాణ్ణి; స్టాప్ వైపు చూపిస్తే బండ్లు ఆగాలి, స్లో వైపు తిప్పితే మెల్లగా వెళ్ళొచ్చు. గిరావీన్ అనే పేటలో నేను అద్దెకున్న ఇంటి ఓనర్ అంకుల్, నా బూట్ల తారు రోడ్డు నుంచి గరాజ్ దాకా ఉన్న తన తెల్లటి డ్రైవ్‌వేకి అంటిందని, పక్కింటివాళ్ళు చూస్తుండగానే నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి బ్రష్షుతో తోమించాడు.

"మరక కనపడకూడదు, అర్థమైందా?"

ఆ వారమే గది ఖాళీ చేశాను. మాట మాత్రం మనసులో పెట్టుకున్నాను.

ఏడాది తిరిగేసరికి ఆ వీధికే కొత్త రోడ్డు వేసే పని మా జట్టుకు పడింది. అరిగిపోయిన పై పొరను మిషన్‌తో గీకేసి, కొత్త పొర అతుక్కోవడానికి జిగురు తారు చల్లారు. అది ఆరేదాకా ఏ బండినీ వదలకూడదు. సరిగ్గా అప్పుడే అంకుల్ కారొచ్చి ఆగింది. హెల్మెట్, నల్ల కళ్ళజోడులో నన్ను గుర్తుపట్టలేదు. హారన్ మీద హారన్ కొట్టాడు.

"కమాన్ మేట్, నా ఇల్లు అక్కడే!"

బోర్డును నింపాదిగా స్లో వైపు తిప్పాను.

తడి తారు మీదుగా వెళ్ళిన కారు టైర్ల నల్లటి చారలు తెల్ల డ్రైవ్‌వే మీద గరాజ్ దాకా పోయాయి. సూపర్‌వైజర్ అప్పటికప్పుడే నా ఉద్యోగం పీకేశాడు. వెళ్ళిపోతూ చూస్తే అంకుల్ మోకాళ్ళ మీద కూర్చుని తోముతున్నాడు. హెల్మెట్ తీసి, ఆయన పక్కనే నిలబడ్డాను.

"మరక కనపడకూడదు అంకుల్, అర్థమైందా?"