ఫోను మీద మోపిన నేరం

బస్సు ఎమ్మిగనూరు పొలిమేర దాటి పది నిమిషాలు కూడా కాలేదు, నన్ను చంపేశారు. కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉన్నాను. ఒళ్ళో టిఫిన్ క్యారియరు, దాని మీద నా కొడుకు ఫోను. నలభై ఆరేళ్ళ తెలుగు పండితుణ్ణి విమానంలోంచి దూకి, గడ్డిలో దిగి, ఇటు పోదామా అటు పోదామా అని చూస్తుండగానే ఎవరో కాల్చి పారేశారు. ఆదోని మార్కెట్ యార్డుకు పత్తి బేరం చూసుకోవడానికి పోతున్న రైతొకాయన నా పక్కన కూర్చుని, ఈ చావుకు నాకంటే ఎక్కువ బాధపడ్డాడు.

"ఆ సెట్టు సాటున ఉండాడు సూడప్పా. నువ్వేమో ఆకాశం దిక్కు సూస్తాండావు" అన్నాడు.

నేను ఆడుతున్నది సరదాకు కాదని, ఇది నా కొడుకు చదువుకు సంబంధించిన పరిశోధన అని ఆయనకు చెప్పాను. ఆయన నమ్మలేదు. తర్వాత రెండు ఆటలు అయ్యేసరికి నాకే నమ్మకం తగ్గింది.

సంగతి ఇది. ఆదోనిలో ఒక ప్రైవేటు హైస్కూల్లో నేను తెలుగు చెబుతాను. మావాడు అదే స్కూల్లో తొమ్మిదో తరగతి, పైగా క్లాస్ లీడర్. ఇద్దరం పొద్దున్నే ఎమ్మిగనూరులో ఒకే బస్సు ఎక్కుతాం. ఆ సోమవారం తొమ్మిదో తరగతిలో నా పీరియడ్ నడుస్తుండగా హెడ్‌మాస్టర్ కబురు పెడితే, క్లాసు చూసుకోమని మావాడికి చెప్పి వెళ్ళాను. పది నిమిషాల్లో తిరిగొచ్చి చూస్తే మావాడు నల్లబల్ల ముందు బిక్కచచ్చి నిలబడి ఉన్నాడు. వాడి బెంచీలోనే కూర్చునే స్నేహితుడు కుడిచెయ్యి చంకలో పెట్టుకుని ఏడుస్తున్నాడు. క్లాసులో మాట్లాడినందుకు లీడరు శిక్ష వేశాడు. ఆ పిల్లాడి మధ్యవేలి గోరు అప్పటికే నల్లబడింది. బల్ల మీద పడి ఉన్న నా స్కేలు తీసుకుని, ఇద్దరినీ ఆఫీసు రూముకు నడిపించాను.

మా హెడ్‌మాస్టర్‌కు లోకంలో జరిగే ప్రతి చెడుకూ కారణం తెలుసు. అది ఫోను. పిల్లలకు మార్కులు తగ్గినా, కళ్ళజోడు వచ్చినా, మధ్యాహ్నం అన్నం వదిలేసినా ఫోనే. ఈమధ్యే ఆయన పిల్లల చేత సంతకం పెట్టించడానికి ఒక హామీపత్రం కూడా అచ్చు వేయించాడు. ఆ రోజు దెబ్బ తిన్న పిల్లాణ్ణి ఎలా కొట్టాడో చూపించమన్నాడు. ఆ పిల్లాడు ఎడమచేతి అయిదు వేళ్ళ కొనలూ ఒకచోట చేర్చి, మొగ్గలా పైకి పట్టి, "ఇట్ల పట్టమన్నాడు సార్, కొనల మీద కొట్టినాడు" అన్నాడు. హెడ్‌మాస్టర్ తలూపాడు. నేనూ తలూపాను. తర్వాత ఆయన మావాడి వైపు తిరిగి, ఇలా కొట్టడం యాడ నేర్చుకున్నావని అడిగాడు.

మావాడు నా వైపు చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "ఫోన్లో సార్" అన్నాడు.

ఆ మాటతో హెడ్‌మాస్టర్ ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళుగా తాను చెబుతున్నదానికి సాక్షి దొరికాడు. మావాడి ఫోన్లో ఏ ఆట ఉందో, అందులో ఎంతమందిని కాలుస్తారో వివరంగా అడిగి తెలుసుకున్నాడు. చివరికి తీర్పు చెప్పాడు. మావాడు శనివారం దాకా ఇంట్లో ఉండాలి. శనివారం తల్లిదండ్రుల సమావేశంలో నేను లేచి, తుపాకుల ఆటలు పిల్లల్ని ఎలా పాడు చేస్తున్నాయో మా ఇంటి ఉదాహరణతోనే మాట్లాడాలి. మాట్లాడితే పిల్లాడు ఉంటాడు, లేకపోతే టీసీ చేతికిస్తానన్నాడు. తొమ్మిదో తరగతి మధ్యలో, కొట్లాట కేసు అని పేరు పడిన పిల్లాణ్ణి ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ఎవరు చేర్చుకుంటారు? నేను వెంటనే ఒప్పుకున్నాను.

ఇంట్లో ఆ సాయంత్రం పండగ వాతావరణం అనాలి. మా ఇంట్లో ఏ విషయం మీదా ముగ్గురు ఒక మాట మీద ఉండరు. ఆ రోజు అందరూ ఒకటయ్యారు. ఆ ఫోను కొన్ననాడే తాను వద్దన్నానని మా ఆవిడ గుర్తు చేసింది. నిజానికి ఆ రోజు వద్దనలేదు, రంగు మాత్రమే నచ్చలేదంది, కానీ నేను సరిచేయలేదు. గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్న మా నాయన, ఆ పెట్టె వేడికి పిల్లల నెత్తురు ఉడుకుతుందని చెప్పాడు. నిందంతా ఎదురుమాట చెప్పలేని ఒక వస్తువు మీద పడుతుంటే మనిషికి ఎంత సుఖంగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది. నిజం చెప్పాలి, నాకు చాలా సుఖంగా ఉండింది. మావాడు మాత్రం మూల కూర్చుని తాతకు నూలు కండెలు చుట్టిస్తూ ఎవరి ముఖమూ చూడలేదు. పశ్చాత్తాపం అనుకున్నాను.

ఉపన్యాసం రాయడానికి కూర్చుంటే రెండు వాక్యాలకే ఆగిపోయింది. ఆటలో ఏముంటుందో నాకు తెలిస్తే కదా. అందుకే మంగళవారం నుంచి ఫోను నా సంచిలోకి చేరింది. బస్సులో పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి అనుకుని మొదలుపెట్టాను. బుధవారానికల్లా రైతన్న నాకోసం సీటు ఆపిపెట్టే స్థితికి వచ్చాడు. ఆయన తల మీద వెంట్రుకలు మొలవని పొడుగాటి కుట్ల గీత ఒకటుంది. ఏటా దసరాకు కొండ దగ్గర జరిగే కర్రల పోరాటంలో పడిన దెబ్బ అని గర్వంగా చెప్పుకున్నాడు. ఆ కుట్లు తడుముకుంటూనే, ఇట్లాంటి ఆటలాడి ఈకాలం పిల్లోళ్ళు మొరటోళ్ళయిపోతాండారని బాధపడ్డాడు. ఉపన్యాసంలో పనికొస్తుందని ఆ మాట రాసుకున్నాను.

గురువారం పొద్దున నేను ఒక గోడ వెనక నక్కి ఉండగా చెవిలో గొంతు వినపడింది. దెబ్బ తిన్న పిల్లాడి గొంతే. డాక్టరు వారం రోజులు బడికి పోవద్దన్నాడని వాడు ఇంట్లోనే ఉన్నాడు. మావాడి పేరు ఆటలో కనిపించగానే, ఆడుతున్నది స్నేహితుడే అనుకుని వచ్చి జట్టులో చేరాడు. నాకు మైకు ఎక్కడుందో తెలియదు కాబట్టి ఊరకే విన్నాను.

"రేయ్, ఫోను ఇచ్చేసినారా నీకు? మీ నాయన శనివారం మాట్లాడతాడంట గదా, ఆట సూసి కొట్టేది నేర్సుకున్నావని. సారు దెబ్బ సారు మాదిరే కొడితివి, తిట్లేమో ఈ ఆటకు. మా యమ్మ గూడా నమ్మింది. సరేలే, నీకు రక్తం తక్కువుంది, నా పట్టీలు తీసుకో. జీపెక్కు, పోదాం."

నేను జీపెక్కాను. చేతికి కట్టుతో ఉన్న ఆ పిల్లాడు తన దగ్గరున్న, గాయాలు మాన్పే పట్టీలన్నీ ఆటలో నాకిచ్చి, ఆదోని వచ్చేదాకా నన్ను కాపాడుకుంటూ తీసుకొచ్చాడు. సారు దెబ్బ అన్న మాట మాత్రం నా చెవిలోంచి పోలేదు. ఆటలో తుపాకులున్నాయి, బాంబులున్నాయి, జీపు కింద తొక్కడం ఉంది. వేళ్ళు మొగ్గలా పట్టమని చెప్పి కొనల మీద స్కేలుతో కొట్టే శత్రువు మాత్రం మూడు రోజుల్లో ఒక్కడూ కనపడలేదు. వత్తులు తప్పు రాసిన పిల్లలకు ఇరవై ఏళ్ళుగా ఆ శిక్ష వేస్తున్నది నేను. ఆఫీసులో ఆ పిల్లాడు వేళ్ళు చేర్చి చూపించినప్పుడు మాకెవరికీ వింతగా అనిపించకపోవడానికి కారణం అదే. మా స్కూల్లో అది చూసి చూసి అలవాటైపోయిన విషయం.

సాయంత్రం ఇంటికి పోయి, మగ్గం పక్కన కండెలు చుడుతున్న మావాడిని, ఎలా కొట్టావో ఒకసారి చూపించమన్నాను. వాడు కదల్లేదు. కొట్టనులే, చూపించు అంటే, తాత ముందున్న నాడె, అడ్డపోగును అటూ ఇటూ మోసే ఆ కొయ్య, అందుకున్నాడు. దాన్ని అరచేతిలో ఒకసారి తిప్పి, కొన కిందికి వచ్చేలా పట్టుకుని గాలిలో కొట్టాడు. మగ్గం తొక్కుతున్న మా నాయన కాలు ఆగిపోయింది.

నాకు పదేళ్ళప్పుడు తెగిన పోగు అతకడం నేర్పుతూ మా నాయన నన్ను అలాగే కొట్టేవాడు. పోగు అతికేది వేళ్ళ కొనలు కాబట్టి, అతుకు విడిపోతే తప్పు కొనలదేనని ఆయన లెక్క. నాడెను అరచేతిలో ఒకసారి తిప్పి మరీ కొట్టేవాడు. ఆ తిప్పడం చూస్తేనే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నేను మగ్గం వదిలి పంతులునయ్యాక, అక్షరం రాసేదీ వేళ్ళే కదా అని అదే దెబ్బను స్కేలులోకి మార్చుకున్నాను. మావాడి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క కూడా మిగల్లేదు. మాట్లాడింది నోరైతే వేళ్ళ మీద కొట్టాడు.

నేను మా నాయన వైపు చూశాను. ఆయన గోడ మీద దండ వేసి ఉన్న వాళ్ళ నాయన ఫోటో వైపు చూశాడు. "అది మా నాయన సెయ్యి" అన్నాడు మెల్లగా. కాసేపు ముగ్గురం ఆ ఫోటోనే చూశాం. ఫోటోలోని పెద్దాయన తన పైన గోడ మీద ఇంకెవరూ లేరు కాబట్టి ఎవరినీ చూడలేదు.

మావాడు ఆఫీసులో నా పేరు చెప్పకుండా, నింద ఫోను మీదికి తోసి నా పరువు కాపాడాడని నాకు అప్పుడు తట్టింది. రాత్రి అన్నం దగ్గర మా ఆవిడతో, మనవాడిది బంగారం లాంటి మనసే అన్నాను. ఆమె నన్ను అనుమానంగా చూసి మజ్జిగ పోసింది.

శనివారం నాలుగు పేజీల ఉపన్యాసం జేబులో పెట్టుకుని వేదిక ఎక్కాను. దాన్ని చదివేస్తే మావాడి సీటు నిలుస్తుంది. చదవకపోతే వాడి సీటుతో పాటు నాదీ పోవచ్చు. కాగితాలు తీయకుండా, నా అయిదు వేళ్ళూ మొగ్గలా చేర్చి పైకెత్తి, ఈ దెబ్బ ఎవరెవరికి తెలుసని అడిగాను. ముందు వరుసలో ఒకాయన నవ్వి చెయ్యెత్తాడు. చూస్తుండగా సగం హాలు చేతులెత్తింది. తర్వాత మా హెడ్‌మాస్టర్ కూడా, అలవాటు కొద్దీ కాబోలు, చెయ్యెత్తి వెంటనే దించేసుకున్నాడు. మావాడు ఇది నేర్చుకున్నది ఏ ఆటలోనూ కాదు, నా దగ్గరే అని చెప్పాను. దెబ్బ తిన్న పిల్లాడినీ వాళ్ళమ్మనూ క్షమించమని అడిగాను. ఇంక కొట్టనన్నాను.

వెనక నుంచి ఒక తండ్రి లేచి, సార్లు కొట్టకపోతే తమవాళ్ళకు భయం యాడుంటుందని అడిగాడు. చాలామంది తలూపారు. అందరికంటే కోపంగా ఉన్నది దెబ్బ తిన్న పిల్లాడి తల్లే. హెడ్‌మాస్టర్ ఫోను చేసి చెప్పిన మాట నమ్మి, ఆమె గురువారం సాయంత్రమే కొడుకు ఫోనును రోకలితో నలగ్గొట్టేసిందట.

"ఈ మాట నాల్గు రోజుల ముందు సెప్పింటే ఏమప్పా" అంది నాతో. శుక్రవారం ఆటలో ఆ పిల్లాడు ఎందుకు రాలేదో నాకు అర్థమైంది. ఆమె ఏ ఆట చూసి రోకలి ఎత్తిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

సమావేశం అయ్యాక హెడ్‌మాస్టర్ నన్ను గదికి పిలిచాడు. అంతమంది చేతులెత్తాక మావాడికి ఏ కారణంతో టీసీ ఇస్తాడు? సోమవారం నుంచి పంపమన్నాడు, లీడరు పదవి మాత్రం తీసేశాడు. నా దగ్గర్నుంచి రాతపూర్వకంగా ఏదో ఒకటి ఉండాలని సొరుగంతా వెతికాడు. స్కూల్లో అచ్చువేసిన హామీపత్రం ఒక్కటే ఉంది. విద్యార్థి అన్నచోట కొట్టేసి ఉపాధ్యాయుడు అని రాసిచ్చాడు. ఇకపై ఫోనులో హింసాత్మకమైన ఆటలు ఆడనని నేను సంతకం చేశాను. రైతన్నకు ఏం చెప్పాలా అని ఒక్క క్షణం దిగులేసింది.

సాయంత్రం బస్సులో మావాడూ నేనూ పక్కపక్కన కూర్చున్నాం. వాడు కూడా సమావేశానికి వచ్చి అంతా విన్నాడు. నాకు మనసు తేలికై, వాడి భుజం మీద చెయ్యేసి, అన్ని రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"ఆ పొద్దు ఆఫీసులో నా పేరు యాల సెప్పలేదురా? నా మర్యాద పోతాదనా?"

వాడు ముందు సీటు కమ్మీ మీద రంగు గోకాడు.

"మర్యాద కాదు నాయనా. నీ సేతిలో స్కేలు ఉండె" అన్నాడు.

నిజమే, ఉండింది. ఇప్పుడు కూడా అది నా ఒళ్ళోని సంచిలోంచి జానెడు బయటికి వచ్చి ఉంది. బస్సెక్కినప్పటి నుంచి వాడు కిటికీకి ఎందుకు అంత ఆనుకుని కూర్చున్నాడో అప్పుడు చూశాను.