భాగ్యక్క గొంతు మారిన వేసవి

పాత ఆదిలాబాద్ జిల్లాను విడగొట్టి కొత్త జిల్లాలు చేసిన మరుసటి వేసవిలో నన్ను కరీంనగర్ నుంచి అటువైపు ఉన్న ఒక రేడియో కేంద్రానికి బదిలీ చేశారు. కేంద్రం పేరు రాయను. ఇందులో వచ్చే మనుషుల్లో కొందరు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. నా హోదా ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్. కార్యక్రమాన్ని ఆలోచించడం, తగిన మనుషుల్ని పిలిపించడం, రాసింది చూసి దిద్దడం, అది గాలిలోకి వెళ్ళి ముగిసేదాకా జవాబుదారీగా ఉండటం ఆ హోదాలో చేసే పని. నాకు అప్పగించిన వాటిలో మధ్యాహ్నం వచ్చే స్త్రీల కార్యక్రమం ఒకటి.

రేడియోలో వినిపించే గొంతులన్నీ పర్మనెంటు ఉద్యోగులవేనని బయటివాళ్ళు అనుకుంటారు. మా దగ్గర అనౌన్సర్లలో ఎక్కువమంది క్యాజువల్స్. నెలలో కొన్ని రోజులు డ్యూటీ చార్టులో పేరు పడితే వస్తారు, లేకపోతే లేదు. సెలవు, పింఛను లాంటివి వాళ్ళకు వర్తించవు. అప్పుడప్పుడు మళ్ళీ గొంతు పరీక్ష పెడతారు. ఒక గదిలో అభ్యర్థి చదువుతుంటే మరో గదిలో ముగ్గురు కూర్చుని స్పీకర్‌లో విని మార్కులు వేస్తారు. ఆ పరీక్ష పోతే మనిషి పోయినట్టే.

భాగ్యలక్ష్మి అలాంటి క్యాజువల్ అనౌన్సర్. సిరిసిల్ల వైపు మగ్గాల ఇంట్లో పుట్టి, పెళ్ళి చేసుకుని ఇటు వచ్చింది. అప్పటికి యాభైకి దగ్గరపడింది. చిన్నపిల్ల తల్లిగా ఉన్నప్పటి నుంచి ఆమె గొంతు ఆ చుట్టుపక్కల ఇళ్ళల్లో మోగుతూనే ఉంది. శ్రోతలకు ఆమె భాగ్యక్క. పొద్దున సినిమా పాటలు, మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం ఆమెవే. పుస్తకం చదివినట్టు కాకుండా, పక్కింటి గడపలో కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడేది. నేను చేరిన మొదటి వారంలో కూరగాయలు కొంటూ ఎక్కడ పనిచేస్తానో చెబితే, అమ్మే ఆమె ముందు అడిగింది భాగ్యక్క గురించే.

ఆ వేసవిలోనే ఆమె పని చెడటం మొదలైంది. స్టూడియోలో ఏసీ నడుస్తుంటే అందరం కొంగు కప్పుకుంటాం. ఆమెకు మాత్రం చెమటలు కారేవి. పాట మొదలవగానే మైకు శబ్దాన్ని తగ్గించే ఫేడర్ మీటను కిందికి లాగి, ఆ రోజు కార్యక్రమాల వరుస రాసిన క్యూషీట్‌తో విసురుకునేది. పై స్థాయిలో గొంతు జీరపోయేది. ఒకరోజు పాట పాడినవాళ్ళ పేరు చెప్పబోయి గుర్తురాక ఆగిపోయింది. ప్రసారంలో కాసేపు ఏమీ వినిపించలేదు. మా వృత్తిలో దానికంటే పెద్ద తప్పు లేదు. శ్రోత కేంద్రం మార్చేస్తాడు, మాకు పైనుంచి తాఖీదు వస్తుంది.

మా కేంద్రం అధిపతి చెడ్డవాడు కాదు. యువ శ్రోతలు తగ్గుతున్నారని పైనుంచి ఆయన మీద ఒత్తిడి ఉండేది. నన్ను పిలిచి, భాగ్యలక్ష్మి గొంతులో వయసు తెలిసిపోతోందని, వచ్చే గొంతు పరీక్షలో ఆమెను కూడా కూర్చోబెడదామని అన్నారు. అప్పటిదాకా లైబ్రరీలో పాటల డబ్బాలు సర్దే పని ఇద్దామన్నారు. డ్యూటీ రూంలో కుర్రవాళ్ళు ఇంకా తేలిగ్గా మాట్లాడుకునేవారు. అక్కకు ఊకె గుస్స అయితుంది, ఇగ ఇంటికాడ మనుమలను ఆడిపిచ్చుకుంటే సరిపోతది అని ఒకరంటే ఇంకొకరు నవ్వేవారు. ఆమెకు అప్పటికి మనుమలు లేరు.

డబ్బింగ్ గదిలో ఎవరూ లేనప్పుడు నేను ఆమెను కూర్చోబెట్టి అడిగాను. చాలాసేపు ఏమీ లేదంది. తర్వాత చెప్పింది.

"ఎద కాడ మొదలైతది మేడం. సెగ లెక్క మెడకెక్కుతది, ముఖమంత కాలిపోతది. జర సేపటికి చలి వెడ్తది. రాత్రిళ్ళు నిద్ర వడ్తలేదు. ముట్టు ఒక నెల వస్తది, మూడు నెలలు రాదు. మా బిడ్డేమో అమ్మా, నువ్వు మునుపటి లెక్క లేవు అంటది. పక్కింటోళ్ళు గర్భసంచి తీయించుకో, ఇగ దానితోటి ఏం పని అంటున్నరు. గిది ఎవలకు చెప్పుకునే ముచ్చట?"

నాకు ఆ మాటల్లో కొత్తదేమీ లేదు. కరీంనగర్‌లో ఉండగా నేను కూడా చేతిసంచిలో తువ్వాలు పెట్టుకుని మీటింగులకు వెళ్ళాను. ఎవరైనా అడిగితే బీపీ అని చెప్పాను. ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె నా ముఖం వైపు చూసి, "మీకు గూడనా" అంది. అంతే అంది కానీ, ఆ తర్వాత వీపు ఆనించి కూర్చుంది.

ఆ ఊళ్ళో ఎస్తేరమ్మ అనే డాక్టరు ఉండేవారు. మెథడిస్టు చర్చి సంఘంలో పెరిగి, పల్లె దవాఖానాల్లో చాలాకాలం ఆడవాళ్ళకు వైద్యం చేసి, ఇంటి ముందు గదిలో చిన్న క్లినిక్ పెట్టుకున్నారు. భాగ్యను ఆవిడ దగ్గరికి తీసుకువెళ్ళాను. ఆవిడ తొందరపడి ఏమీ తేల్చలేదు. రక్తహీనత ఉందేమో, థైరాయిడ్ ఏమైనా తేడాగా ఉందేమో పరీక్షలు చేయించారు. గర్భసంచి కూడా చూశారు. ఆ తర్వాతే, ఇది జబ్బు కాదని, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పు అని, మెనోపాజ్ అంటారని చెప్పారు. గొంతు పొడిబారడం కూడా కొందరిలో ఉంటుందన్నారు. టీ తగ్గించమని, మైకు దగ్గర నీళ్ళు పెట్టుకోమని, నూలు బట్టలు కట్టుకోమని, పడుకునే వేళ మార్చుకోమని చెప్పారు. అప్పటికీ బాధ తగ్గకపోతే మందులున్నాయని, అవి అందరికీ సరిపడవు కనుక చూసి ఇస్తానని అన్నారు. గర్భసంచి తీయించుకోవలసిన కారణం ఏదీ తనకు కనబడలేదన్నారు.

బయటికి వచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు భాగ్య కళ్ళు తుడుచుకుంది. ఎందుకని అడిగితే, రోగం కాదన్నందుకు సంతోషమే కానీ ఇగ అయిపోయిందా అన్నట్టు కూడా ఉంది అని చెప్పింది.

ఈ విషయం మీద ప్రత్యక్ష ప్రసారంలో ఫోన్ కార్యక్రమం చేయాలన్న ఆలోచన నాకు ఆ వారంలోనే వచ్చింది. కార్యక్రమానికి ముందు ప్రతిపాదన రాసి అధిపతి సంతకం తీసుకోవాలి. ఆయన కాగితం చదివి పక్కన పెట్టారు. ఇంటిల్లిపాదీ వినే వేళ అది, ఇలాంటివి బాగుండవన్నారు. గర్భిణి తినవలసిన ఆహారం, కాన్పు, కుటుంబ నియంత్రణ గురించి అదే వేళలో ఏళ్ళ తరబడి చెప్పామని, పిల్లల్ని కనే వయసు దాటాక ఆడమనిషికి చెప్పడానికి మన దగ్గర ఒక్క కార్యక్రమమూ లేదని నేనన్నాను. ఆయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. అయితే ముట్టు అనే మాట వాడకూడదు, రజోనివృత్తి అనాలి అన్నారు. ఆ మాట నేనే రెండోసారి చదివితే తప్ప పలకలేనని, ఉట్నూర్ అవతల పత్తి చేలో ఉన్న మనిషికి ఎలా తెలుస్తుందని అడిగాను. చివరికి నెలసరి ఆగిపోవడం అనే దగ్గర ఇద్దరం ఆగాం.

అసలు పేచీ భాగ్య దగ్గర వచ్చింది. కొత్తగా చేరిన అనౌన్సర్ అమ్మాయితో చేయించమని ఆయన, భాగ్యే చేయాలని నేను. ప్రత్యక్ష ప్రసారంలో మళ్ళీ మాట ఆగిపోతే బాధ్యత నాదేనని రాసిచ్చాను. గొంతు పరీక్ష మాత్రం ఆ తర్వాతి వారం జరిగి తీరుతుందని ఆయన చెప్పారు. భాగ్యకు ఈ రెండు సంగతులూ చెప్పాను. ఆమె వెనక్కి తగ్గుతుందేమో అనుకున్నాను. "ఎట్లయినా గా పరీక్ష తప్పదు గద మేడం. చేస్త" అంది.

ఆ మధ్యాహ్నం స్టూడియోలో భాగ్య, ఎస్తేరమ్మ ఎదురెదురుగా కూర్చున్నారు. అద్దానికి ఇవతల కంట్రోల్ రూంలో నేను, ఇంజనీరు, ఫోన్లు ఎత్తే అమ్మాయి. ప్రసారం మొదలైందని తెలిపే ఎర్రదీపం వెలిగింది. డాక్టరమ్మ చక్కగానే మొదలుపెట్టారు కానీ పాఠంలా సాగింది. భాగ్య ఫోన్ నంబరు చెప్పింది. ఫోన్లు మోగలేదు. మళ్ళీ చెప్పింది. మోగలేదు. ఫోన్ కార్యక్రమం చేసేవాళ్ళకు ఇంతకుమించిన భయం ఉండదు. ఊరికే ఉన్న ఫోన్ల వైపు చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా కళ్ళు అటే పోతాయి.

అంతలో అద్దం అవతల భాగ్య ముఖం ఎర్రబడటం చూశాను. మెడ మీద, పై పెదవి మీద చెమట. మాట మధ్యలో ఊపిరి తెగింది. ఇలాంటప్పుడు వాడటానికి ఒక పాట సిద్ధంగా పెట్టుకుంటాం. ఇంజనీరు చెయ్యి దాని మీదే ఉంది. పాట వేయనా అని సైగ చేశాను. ఆమె తల అడ్డంగా ఊపి, గ్లాసు తీసుకుని నీళ్ళు తాగింది. గుటక శబ్దం ప్రసారంలో వినిపించింది.

"నేను నీళ్ళు తాగుతున్న, మీకు ఇనవడ్డది గావచ్చు" అంది మామూలుగా. "డాక్టరమ్మ చెప్పేది వేరేవాళ్ళ ముచ్చట గాదు. గిప్పుడు నాకు గదే అయితుంది. చల్లటి గదిల కూసున్న, ఒళ్ళంత చెమట. పోయిన నెల గీ మైకు ముందటనే పాట పాడినోళ్ళ పేరు మర్చిపోయిన. మీరు ఇన్నరు గద. నాకు సిగ్గయింది. నా బుద్ధి పోయిందనుకున్న. పోలేదంట. మీల ఎవలికన్న గిట్లయితే జర చెప్పుండ్రి, నేను గూడ ఇంట."

మొదటి ఫోన్ ఆ మాట పూర్తవగానే మోగింది. తన పేరు చెప్పనంటూ ఒకామె మాట్లాడింది. "పత్తి ఏరుతుంటే గిట్లయితది. ఎండకనుకున్న. చలికాలంల గూడ అయింది. ఇంట్లోళ్ళు గర్భసంచి తీయించుకొమ్మని పరేషాన్ చేస్తున్నరు. తీయించుకోవాల్నా?" డాక్టరమ్మ అప్పటికి పాఠం మానేశారు. సెగలు వస్తున్నాయని ఎవరూ గర్భసంచి తీయరమ్మా, పరీక్ష చేయకుండా తీయించుకోకు అన్నారు. నెలసరి ఏడాదిపాటు ఆగిపోయి మళ్ళీ రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా దవాఖానకు పోవాలని గట్టిగా చెప్పారు. తర్వాత ఫోన్లు ఆగలేదు. ఒక టీచరు, ఒక అంగన్‌వాడీ ఆయా, ముప్పై దాటగానే గర్భసంచి తీయించుకుని అప్పటి నుంచి నిద్ర లేదన్న ఇంకొకామె. ఆమెతో డాక్టరమ్మ ఎక్కువసేపు మాట్లాడి, క్లినిక్‌కు రమ్మన్నారు.

ఆసిఫాబాద్ నుంచి ఒక మగమనిషి ఫోన్ చేశాడు. జీపు నడుపుతానన్నాడు. "మా ఇంటామె ఏడాది సంది నిద్రవోతలేదు. ఊకె ఏడుస్తది, లేకుంటే కయ్యం. ఏదో సోకిందని తాయెత్తు కట్టిచ్చిన. మీరు చెప్పేది ఇంటుంటే గదేనా అనిపిస్తుంది. నేనేం చెయ్యాలె?"

డాక్టరమ్మ నోరు తెరిచేలోపు భాగ్య అందుకుంది. "అన్నా, ఆమె నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది. ఇంటుంది."

"అయితే నీకేం గావాలె అని ఆమెనే అడుగు."

ఫోన్ పక్కకు జరిపి అతను అడగడం వినిపించింది. తర్వాత దూరంగా, గదిలో ఇంకో మూల నుంచి ఒక ఆడగొంతు వినిపించింది. "ముందుగాల గా వంటింట్ల పంక వెట్టియ్యుమను." డాక్టరమ్మ నవ్వారు. భాగ్య నవ్వింది. అవతల అతను కూడా నవ్వుతూ, "పెడ్త, పెడ్త" అన్నాడు. మా అధిపతి ఎప్పుడొచ్చారో, కంట్రోల్ రూం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. వేళ ముగిసింది, తర్వాతి కార్యక్రమం సిద్ధంగా ఉందని ఇంజనీరు గుర్తుచేశాడు. ఆయన ఇంకో రెండు ఫోన్లు తీసుకోమన్నారు.

ఇంతటితో అంతా చక్కబడిందని చెబితే అబద్ధమవుతుంది. గొంతు పరీక్ష జరిగింది. బయటి నుంచి వచ్చిన ముగ్గురికీ ఆ ఫోన్ కార్యక్రమం సంగతి తెలియదు, తెలియకూడదు కూడా. మాటల కార్యక్రమాలకు భాగ్యను ఉంచి, పొద్దుటి పాటల నుంచి తీసేశారు. అవి కొత్త అమ్మాయికి వెళ్ళాయి. ప్రతి నెలా స్త్రీల ఆరోగ్యం మీద ఫోన్ కార్యక్రమం భాగ్య చేతే చేయించాలని అధిపతి తానుగా ఉత్తర్వు ఇచ్చారు. ఆ కాగితం నేను సంతోషంగా చూపిస్తే ఆమె చదివి మడిచింది. "మంచిదే మేడం. గని పొద్దటి పాటలు పోయినయి. అది చిన్న ముచ్చట గాదు" అంది. నిజమే. నేను ఓదార్చబోలేదు. కొంతకాలానికి మందులతో నిద్ర కుదురుకుంది. సెగలు తగ్గాయి. జీర పూర్తిగా పోలేదు. నేను రిటైరయ్యేనాటికి ఆ కార్యక్రమం ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. డ్యూటీ రూంలో మనుమల మాట మళ్ళీ వినబడలేదు.

ఆ వేసవి నాకు పని విషయంలో రెండు సంగతులు నేర్పింది. ఎవరూ మాట్లాడని విషయానికి శ్రోతలు లేరని అనుకోకూడదు. నిపుణుల్ని మాత్రమే కూర్చోబెడితే జనం వింటారు కానీ ఫోన్ చేయరు. ఆ బాధ పడుతున్న మనిషి ఒకరు మైకు ముందు ఉండి, నాకూ అయింది అనాలి. రెండోది గొంతు పరీక్ష గురించి. మార్కుల కాగితంలో ఉచ్చారణకు, స్పష్టతకు, భావానికి గడులున్నాయి. వయసుకు గడి లేదు. అయినా ఆ గదిలో కూర్చునేవాళ్ళు చాలామంది ఆడగొంతులో వయసును ఒక దోషంగా వింటారు, మగగొంతులో గాంభీర్యంగా వింటారు. ఇప్పుడు నన్ను అప్పుడప్పుడు అలాంటి పరీక్షలకు పిలుస్తుంటారు. మిగతా ఇద్దరితో ఈ మాట ముందే చెప్పి, ఆ తర్వాతే కాగితం అందుకుంటాను.