రెగ్యులేటర్ తిప్పిన చెయ్యి

ఇన్నేళ్ళుగా నా కుడిచేతిలో ఒక బరువుంది. ఎవరికీ చూపలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను.

తొంభైల మొదట్లో మేం భిలాయి స్టీల్ ప్లాంటు వాళ్ళ సెక్టర్ 7 క్వార్టర్లో ఉండేవాళ్ళం. విజయనగరంలో కిరసనాయిలు స్టవ్ పేలి అమ్మమ్మ పోయినప్పుడు పిన్ని ఆ వంటింట్లోనే ఉంది. ఆమె ఒంటి మీద చిన్న బొబ్బ కూడా లేదు. అమ్మ ఆమెను మా దగ్గరికి తీసుకొచ్చేసింది. అప్పటినుంచి పిన్ని బయటికి కదలాలంటే గ్యాస్ కట్టేసి ఉందో లేదో తొమ్మిదిసార్లు చూసుకునేది. గేటు దాకా వెళ్ళి, చెమటలు పట్టి వెనక్కొచ్చేది. సిలిండరుకి దిష్టి తగులుతుందని నాన్న వేళాకోళం చేసేవాడు. ఆ నాన్నే డ్యూటీకి వెళ్తూ తాళాన్ని మూడుసార్లు లాగి చూసేవాడు. మూడుసార్లయితే మామూలు మనిషి, తొమ్మిదైతే జబ్బు మనిషి. మరి ఐదైతే? పదహారేళ్ళ నాకు ఇది భలే వింతగా ఉండేది. పిన్ని ఎన్నిసార్లు చూస్తే అన్ని గీతలు నోటుబుక్కు వెనక పేజీలో పెట్టేదాన్ని.

రెండేళ్ళకి ఆ గీతలు ఒకటికి దిగాయి. పవర్ హౌస్ బజారు దగ్గర పిన్నికి కుట్టుపని నేర్పే ఉద్యోగం కూడా కుదిరింది. మా చెల్లి నార్మల్ అయిపోయిందని అమ్మ వీధంతా చెప్పుకుంది.

నిజంగా అయిందా? భయం పోయిందా, దాచుకోవడం వచ్చిందా? చూడాలనిపించింది. అంతే. కోపం లేదు, పగ లేదు.

చేరాల్సిన రోజు పొద్దున్న ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. పిన్ని గ్యాస్ ఒక్కసారే చూసుకుని, వరండాలో చెప్పులు వేసుకుంటోంది. నేను వంటింట్లోకి వెళ్ళి రెగ్యులేటరూ పొయ్యి మీటా తిప్పి వచ్చాను. ఆమె వెళ్ళిపోగానే కట్టేద్దామనుకున్నాను. వెళ్ళిపోయేదే. గేటు దాకా వెళ్ళింది కూడా. టిఫిన్ డబ్బా మరిచిపోయి మళ్ళీ వంటింట్లోకి వచ్చింది. వాసన తగిలింది.

కట్టేసి, కిటికీ తెరిచి, తన చేతిని చూసుకుంటూ నిలబడింది.

"నాను బంద్ సేసేనే. నువ్వు సూడనేదా?" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు.

"పతా నై పిన్నీ, నేను చూళ్ళేదు. మరిచిపోయావేమో," అన్నాను.

మీట తిప్పడం పిల్లచేష్ట అనుకుందాం. ఈ మాట మాత్రం తెలిసే అన్నాను. పిన్ని ఆ రోజు వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. అంత భయంలోనూ ఆమెకు తన కళ్ళ మీద కాస్త నమ్మకం ఉండేది, తొమ్మిదోసారికైనా నమ్మేది. దాన్ని నేను తీసేశాను. గీతలు పెట్టడం మానేశాను, లెక్కకి అందేది కాదు.

ఇప్పుడు నేనూ తాళం లాగి చూస్తాను. ఎన్నిసార్లో చెప్పను. మామూలుగా ఉండడమంటే ఏమిటి? తన చేతిని తను నమ్మడమేనా?

పిన్ని ఇప్పుడు భిలాయిలోనే, రిసాలి వైపు ఉంటోంది. నేను వెళ్ళినప్పుడే బయటికి వస్తుంది. ముందు నన్ను వంటింట్లోకి పంపుతుంది.

"నా కళ్ళు నన్నే మోసం సేస్తాయి. నువ్వు సూస్తే సాలు."

కట్టేసే ఉందని ఒక్కసారి చెబుతాను. వెంటనే నమ్మి చెప్పులు వేసుకుంటుంది. నిజం చెబితే ఆమె చెయ్యి ఆమెకు తిరిగొస్తుందేమో. లేక, ఆమె నమ్ముకున్న నా కళ్ళు కూడా ఆమెకు లేకుండా పోతాయా? ఈ సందేహం నిజమో, నా పిరికితనానికి వంకో, నాకే తెలియదు.

ఆ రోజు పిన్ని బంద్ చేసింది. తెరిచింది నేను. ఆమెకింకా చెప్పలేదు. ఇక్కడ రాశాక మాత్రం చెయ్యి కాస్త తేలికైంది.